ర్యాంకు అడగని ఏడు రోజులు



మన ఇళ్లలో పెళ్లికో గృహప్రవేశానికో నలుగురు చుట్టాలు చేరారంటే చాలు, ఇంటర్ చదివే పిల్లలు మెల్లగా మేడమీదికో పెరట్లోకో జారుకుంటారు. ఎందుకో మనకు తెలుసు. ఎదురుపడ్డ ప్రతి మావయ్యా ప్రతి పిన్నీ ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఏంరా, ర్యాంకెంతొచ్చింది? ఏం చేద్దామనుకుంటున్నావ్?" పిల్లవాడు కూడా తడుముకోకుండా జవాబు చెప్పేస్తాడు. కంప్యూటర్ సైన్స్ అనో, నీట్ అనో, సీఏ అనో. ఆ జవాబు వాడిది కాదు. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే ఇంట్లో ఖరారైపోయింది. అంతేగానీ, "ఏం చేస్తుంటే నీకు పొద్దు తెలియదు? దేనికి భయపడతావు? పదిమందిలో మాటామాటా వస్తే నువ్వు సర్దిచెబుతావా, లేచి వెళ్లిపోతావా?" అని అడిగేవాళ్లు ఉండరు. ఎవరైనా అడిగినా వాడు చెప్పలేడు. అది తెలుసుకునే సందర్భమే వాడికి రాలేదు.

ఆ సందర్భాల గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ, చాలాకాలం ఎన్ఎస్ఎస్, అంటే జాతీయ సేవా పథకం, ప్రోగ్రామ్ ఆఫీసర్ బాధ్యత కూడా చూసినవాణ్ణి కాబట్టి, నేను చూసినంతలో చెబుతాను.

ముందే ఒకమాట. వ్యక్తిత్వ వికాసం పేరుతో ఇప్పుడు ఊరూరా సభలు జరుగుతున్నాయి. ఏసీ హాల్లో రెండు మూడొందల మందిని కూర్చోబెట్టి, మైకు పట్టుకున్నాయన "నీలో ఒక సింహం ఉంది" అని అరుస్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు, కొందరు కళ్లనీళ్లు కూడా పెట్టుకుంటారు. మర్నాటికి సింహం ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. ఒడ్డున కూర్చుని ఎంత ఆలోచించినా మనకు ఈత వచ్చో రాదో తేలదు కదా! నేనెవరు అన్న ప్రశ్నను గదిలో కూర్చుని తేల్చుకున్న కుర్రాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నలుగురికి అవసరమైన పనొకటి నెత్తిన పడ్డప్పుడు, ఆ పని సందులో తన సంగతి తనకు తెలిసొచ్చిన పిల్లల్ని మాత్రం చాలామందినే చూశాను.

ఈ విషయం మీద గట్టిగా ఆలోచించినవాడు ఎరిక్ ఎరిక్సన్. 1902లో జర్మనీలో పుట్టి, తర్వాత అమెరికాలో స్థిరపడిన మనస్తత్వవేత్త. కన్నతండ్రి ఎవరో ఆయనకు జీవితాంతం తెలియలేదు. కుర్రతనంలో చిత్రకారుణ్ణవుతానని యూరప్ అంతా తిరిగాడు. అలా తిరిగినవాడు కాబట్టే కాబోలు, వయసులో ఉన్న పిల్లలకు సమాజం కొంత గడువివ్వాలి అన్నాడు. ఆ గడువులో వాళ్లు ఇది చేసి చూస్తారు, అది చేసి చూస్తారు, తప్పులు చేస్తారు. ఆ తప్పుల్ని వాళ్ల ఖాతాలో శాశ్వతంగా రాసిపెట్టకూడదు. 1968లో వచ్చిన ఆయన పుస్తకంలో సారాంశం నాకు అర్థమైనంతలో ఇదే. ఆ ఎరిక్సనే 1962లో ఒక సదస్సుకని అహ్మదాబాద్ వచ్చి, 1918 నాటి అక్కడి మిల్లు కార్మికుల సమ్మెలో గాంధీ చేసిన ఉపవాసం గురించి విని, ఆ సంగతి మీద ఏళ్లతరబడి పనిచేశాడు. గాంధీ మీద ఆయన రాసిన పుస్తకం 1969లో వచ్చింది. దానికి పులిట్జర్ బహుమతి కూడా దక్కింది.

1969 గాంధీజీ శతజయంతి సంవత్సరం. సరిగ్గా ఆ ఏడాదే సెప్టెంబర్ 24న మనదేశంలో ఎన్ఎస్ఎస్ మొదలైంది. అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి.రావుగారు 37 విశ్వవిద్యాలయాల్లో దాన్ని ప్రారంభించారు. మొదట్లో చేరినవాళ్లు 40 వేలమంది విద్యార్థులు. ఢిల్లీ ఆకాశవాణిలో యువకుల కార్యక్రమం యువవాణి మొదలైందీ ఆ ఏడాదే. ఈ మూడింటికీ ఏదో చుట్టరికం ఉందని నేననను. కానీ ఒకే ఏడాది ఒకచోట యువకులకు మైకిచ్చారు, ఇంకొకచోట చేతికి పారిచ్చారు, మరొకచోట వాళ్లకు గడువెందుకివ్వాలో ఆలోచించిన మనిషి గాంధీ మీద పుస్తకం అచ్చువేశాడు. ముచ్చటగా ఉంటుంది కదా, తలుచుకుంటే.

ఎన్ఎస్ఎస్ ఆలోచన మాత్రం అప్పటికప్పుడు పుట్టింది కాదు. స్వాతంత్ర్యం రాగానే రాధాకృష్ణన్‌గారి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఈ మాట ఎత్తింది. 1962లో చైనాతో యుద్ధమొచ్చింది. ఆ వెంటనే 1963లో కాలేజీ కుర్రాళ్లందరికీ ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. అందరికీ కవాతు నప్పదని కొద్ది ఏళ్లలోనే తేలిపోయింది. తుపాకీ పట్టుకుని నిటారుగా నిలబడితే వెలిగిపోయే పిల్లలుంటారు. అదే పిల్లవాడి పక్కన, బూట్ల చప్పుడుకే ముడుచుకుపోయేవాడు ఒకడుంటాడు. ఇద్దరికీ ఒకే మందు పనిచెయ్యదు. అందుకని ఇష్టమైనవాళ్లు ఎన్‌సీసీలో ఉండొచ్చు, లేనివాళ్లకు సేవాకార్యక్రమం ఉండాలి, ఆటల్లో చురుకైనవాళ్లకు ఆటలుండాలి అని 1967లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశంలో అనుకున్నారు. మూడు దారులు పెట్టడంలోనే సగం తెలివి ఉందని నాకనిపిస్తుంది. తన సంగతి తనకు తెలియాలంటే, మొదట తనకు ఏది పడదో తెలియాలి.

ఎన్ఎస్ఎస్ లెక్కలు క్లుప్తంగా చెప్పేస్తాను. ఒక యూనిట్‌కు మామూలుగా 100 మంది వాలంటీర్లు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచెయ్యాలి. దాంతోపాటు దత్తత తీసుకున్న ఊళ్లో ఏడు రోజుల స్పెషల్ క్యాంప్. దానికి యూనిట్‌లో సగంమంది, అంటే 50 మంది, వెళ్తారు. 240 గంటల సంగతి అటుంచండి. కాలేజీ ఆవరణలో మొక్కలు నాటడం, రక్తదాన శిబిరంలో కుర్చీలు వెయ్యడం, ర్యాలీలో బ్యానర్ పట్టుకోవడం, ఇవన్నీ మంచివే, కాదనను. కానీ సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. అమ్మ వండిన అన్నం తింటారు. మనిషి మారడానికి అది చాలదు. అసలు సంగతి ఆ ఏడు రోజుల్లోనే జరుగుతుంది.

పల్నాడు వైపు ఒక ఊళ్లో జరిగిన క్యాంప్ గురించి చెబుతాను. ఊరి బళ్లోనే మకాం. సంక్రాంతి వెళ్లిన రోజులు, చేలల్లో మిరప కోతలు మొదలయ్యాయి. మొదటిరోజు ఇంటింటి సర్వే పెట్టుకున్నాం. పిల్లలు శుభ్రంగా తయారై, మెడలో గుర్తింపు కార్డులు వేలాడేసుకుని, అట్టలకు ఫారాలు క్లిప్పులు పెట్టుకుని పదిగంటలకు బయల్దేరారు. పన్నెండున్నరకు వాడిపోయిన మొహాలతో తిరిగొచ్చారు. "తాళాలు లెక్కపెట్టుకుని వచ్చాం సార్" అన్నాడు ఒకడు. ఊరంతా మిరప కోతకు పోయింది. పదిగంటలకు ఇళ్లల్లో ఎవరుంటారు? మంచంలో ఉన్న ముసలాళ్లు, బడికి డుమ్మాకొట్టిన పిల్లలు, కోళ్లు. ఈ మాట ముందే వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది. ఆ మధ్యాహ్నం వాళ్లలో వాళ్లే కూర్చుని, తెల్లవారుజామున కూలీల ఆటోలు కదలకముందు ఒక విడత, పొద్దుగూకాక ఇంకో విడత వెళ్దామని తీర్మానించుకున్నారు. ఐదింటికి ఎవరూ లేపకుండా లేచారు. హాస్టల్లో వార్డెన్ తలుపులు బాదినా లేవని శాల్తీలే వాళ్లు!

ఆ బృందంలో ఒక అమ్మాయి ఉంది. బీఎస్సీ రెండో ఏడాది. క్లాసులో హాజరు పలికితే "ప్రెజెంట్ సార్" అనడం తప్ప ఆ పిల్ల గొంతు నేను వినలేదు. ఆ అమ్మాయి వెళ్లిన ఒక ఇంట్లో పెద్దావిడ అరుగుమీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. చేతిలో కాగితాలు చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఎవరమ్మాయ్, బ్యాంకోళ్లా?" కాదని నమ్మించడానికి కాసేపు పట్టింది. "ఏవూరు మీది? ఎవరమ్మాయివి?" అన్నీ అయ్యాక ఫారంలో ప్రశ్నలు మొదలయ్యాయి.

"మామ్మగారూ, ఇంట్లో మరుగుదొడ్డి ఉందాండీ?"

"ఉందిగా. కట్టిచ్చారుగా గవర్నమెంటోళ్లు."

ఫారంలో రెండే గళ్లు. ఉంది, లేదు. అమ్మాయి 'ఉంది' దగ్గర టిక్కు పెట్టబోయి, తల తిప్పి అటు చూసింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పొయ్యిలోకి కట్టెలు, చుట్టగా చుట్టిన ఖాళీ గోతాలు, మూలన ఒక మిరప టిక్కీ.

"మరి వాడరా మామ్మా?"

"నీళ్లెవరు మొయ్యాలమ్మా? నేనా, నువ్వా?"

అమ్మాయి టిక్కు పెట్టలేదు. ఫారం పక్కన ఖాళీలో చిన్న అక్షరాల్లో రాసుకుంది: ఉంది, వాడటం లేదు, నీళ్లు మోసేవాళ్లు లేరు. అలా ఆరేడు ఇళ్లల్లో రాసింది. రాత్రి భోజనాలయ్యాక బడి వరండాలో రోజూ జరిగే సమీక్షలో లేచి నిలబడి, "ఈ ఫారం తప్పు సార్" అంది. మిగతావాళ్లు నవ్వారు. అచ్చువేయించి పంపిన ఫారాన్ని తప్పంటుందేమిటని. ఆ పిల్ల కూర్చోలేదు. ఏ ఇంట్లో ఏం చూసిందో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. ఉంది, లేదు అని రాసుకుపోతే ఊళ్లో మరుగుదొడ్లన్నీ ఉన్నట్టే లెక్క తేలుతుందనీ, అసలు ఇబ్బంది కుళాయి దగ్గర ఉందనీ అంది. నవ్విన వాళ్లే తమ ఫారాలు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున తెల్లకాగితం మీద గీతలు గీసి కొత్త గళ్లు కలిపింది తనే. పాత ఇళ్లకు మళ్లీ వెళ్లాల్సిందేనని పట్టుబట్టిందీ తనే.

ఆ అమ్మాయి ఆ తర్వాత పెద్ద ఆఫీసరైందని చెబితే కథకు బాగుంటుంది. అలాంటిదేమీ జరగలేదు. మామూలుగానే చదువుకుంది, మామూలు ఉద్యోగంలోనే ఉంది. కానీ పదిమంది నవ్వుతున్నా తాను చూసింది తాను చెప్పగలదన్న సంగతి ఆ రాత్రి ఆ పిల్లకు తెలిసింది. నాలుగు గోడల మధ్య నేను ఎన్ని పాఠాలు చెప్పినా ఆ సంగతి ఆ పిల్లకు చేరవేసే అవకాశం నాకు లేదు.

వంటశాల కథ ఇంకోరకం. యాభై మందికి రెండు పూటలా వండుకోవాలి. వంటమనిషిని పెట్టుకోవచ్చు, చాలా కాలేజీలు పెట్టుకుంటాయి. పెట్టుకోకపోతేనే మేలని నా అభిప్రాయం. ఆ క్యాంప్‌లో మొదటిపూట అన్నం అడుగంటి, పైన పలుకై, సాంబారు నీళ్లలా వచ్చింది. నాయకత్వం తీసుకున్నవాడు క్లాసు ఫస్టు. ఎవడు ఏం చెప్పినా వినలేదు. రెండోపూటకు ఇంకొకడు ముందుకొచ్చాడు. మూడు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ ఉన్న కుర్రాడు. వాళ్లమ్మ గుంటూరులో టిఫిన్ బండి నడుపుతుంది. పూటకు ఏడెనిమిది కిలోల బియ్యం పొయ్యాలనీ, ఎసరు ఎంత పెట్టాలనీ, పప్పు ఎప్పుడు దించాలనీ వాడికి పాఠం చెప్పాల్సిన పనిలేదు. అంతకంటే ముఖ్యం, ఎవరికి ఏ పని చెప్పాలో వాడికి తెలుసు. కబుర్లు చెప్పేవాళ్లను ఉల్లిపాయల దగ్గర కూర్చోబెట్టాడు, బద్ధకస్తుల్ని వడ్డనకు పెట్టాడు. వడ్డనలో బద్ధకిస్తే ఆకలితో ఉన్నవాళ్లు ఊరుకోరు! అప్పటిదాకా అమ్మ బండి సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పుకోనివాడు, మూడోరోజుకల్లా "మా బండి దగ్గరైతే ఇలా చేస్తాం" అని మొదలుపెట్టాడు.

మరి ఆ క్లాసు ఫస్టు కుర్రాడి మాటేమిటి? వాడికీ ఒక సంగతి తెలిసింది. ఎదుటివాడు కాదంటే తట్టుకోలేనని. ఇది తియ్యటి కబురేం కాదు. రెండురోజులు ముభావంగా తిరిగాడు. యువజన కార్యక్రమాల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా దాచే విషయం ఇదే. తనను తాను తెలుసుకోవడం అంటే ప్రతిసారీ లోపల దాగిన ప్రతిభ బయటపడటం కాదు. ఒక్కోసారి లోపల దాగిన చిరాకు, పిరికితనం, స్వార్థం బయటపడతాయి. పద్దెనిమిదేళ్లకు, ఏడురోజుల క్యాంప్‌లో, ఎవరికీ పెద్దగా నష్టం లేకుండా అవి బయటపడటం అదృష్టం. నలభై ఏళ్లకు, సంసారంలోనో ఆఫీసులోనో బయటపడితే దాని ఖరీదు వేరు.

ఈ పద్ధతికి మూలం వెతికితే స్కౌట్స్ దగ్గర తేలతాం. 1907లో బేడెన్ పావెల్ ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఇరవైమంది పిల్లలతో క్యాంప్ పెట్టాడు. డబ్బున్న బడుల పిల్లల్నీ, కూలిపనివాళ్ల పిల్లల్నీ కలిపాడు. వాళ్లను చిన్న చిన్న జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకూ వాళ్లలో ఒకణ్ణే పెద్దను చేశాడు. పెద్దలు అవసరమైతే పిలిచేంత దూరంలో ఉన్నారు. కిటుకంతా ఆ దూరంలో ఉంది. ఆ ఉద్యమం ఇక్కడికొచ్చినప్పుడు మొదట్లో భారతీయ పిల్లలకు అందులో చోటివ్వలేదు. అప్పుడు, మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంటే మద్రాసులో మన పిల్లల కోసం వేరుగా స్కౌట్ సంఘం పెట్టించింది. టోపీల బదులు తలపాగాలు చుట్టించింది. స్వాతంత్ర్యం వచ్చాక రకరకాల సంఘాలన్నీ కలిసి 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి.

రేడియోలో మాట్లాడుతూ రేడియో అన్నయ్యను తలుచుకోకపోతే ఎట్లా? ఆ అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు కలిసి మద్రాసు రోజుల్లోనే, 1940లో, బాలానంద సంఘం పెట్టారు. తర్వాత హైదరాబాద్‌లోనూ దాన్ని నడిపారు. ఎన్ని తరాల పిల్లలు వాళ్ల చెయ్యి పట్టుకుని మైకు ముందుకొచ్చారో! వాళ్లలో నటులైనవాళ్లున్నారు, గాయకులైనవాళ్లున్నారు. నా మటుకు నాకు, ఏమీ కానివాళ్ల మీద కూడా అంతే ఆసక్తి. తన గొంతు ఊళ్లు దాటి ఎవరి ఇంట్లోనో వినిపిస్తుందని పదేళ్ల వయసులో తెలిసిన మనిషి, పెద్దయ్యాక బ్యాంకు కౌంటర్ వెనుక కూర్చున్నా కొంచెం వేరుగానే కూర్చుంటాడు.

ఇప్పుడు మనందరికీ తెలిసిన కథ. 2014 మే 25న ఇద్దరు పిల్లలు ఎవరెస్ట్ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే గిరిజన గ్రామం నుంచి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ వైపు నుంచి ఆ వయసువాళ్లను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అప్పటికి నెలరోజుల క్రితమే నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. ఆ వార్త విన్నాక కూడా పిల్లలు వెనక్కి తిరగలేదు.

అందరూ శిఖరం గురించి మాట్లాడతారు, నాకు భువనగిరి గురించి మాట్లాడాలనిపిస్తుంది. ఈ కథ అక్కడ మొదలైంది. గురుకులాల కార్యదర్శిగా అప్పుడున్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్‌గారి చొరవతో వందమందికి పైగా పిల్లల్ని భువనగిరి కోట కొండ దగ్గరికి తీసుకొచ్చి, శేఖర్ బాబు అనే శిక్షకుడి చేతిలో పెట్టారు. హైదరాబాద్ నుంచి వరంగల్ రైల్లో వెళ్లేవాళ్లు ఆ కొండ చూసే ఉంటారు. ఒకటే రాయి, గుండ్రంగా, నున్నగా, గడ్డిపోచ పట్టుకుందామన్నా దొరకదు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు భయమేసిందని పూర్ణే చాలాసార్లు చెప్పింది. అక్కడ బాగా ఎక్కినవాళ్లను డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపారు, వాళ్లలోంచి కొందరిని లడఖ్ చలికి పంపారు, చివరికి ఇద్దరు మిగిలారు.

పూర్ణ గురించి సినిమా వచ్చింది. రావలసిందే. కానీ భువనగిరి నుంచే తిరిగి బడికి వెళ్లిపోయిన మిగతా పిల్లలున్నారు చూడండి, వాళ్ల గురించి నేను తరచూ ఆలోచిస్తాను. నడుముకు తాడు కట్టుకుని, కింద చూస్తే కళ్లు తిరిగే రాతి మీద ఒకసారైనా నిలబడ్డవాళ్లే వాళ్లూ. కొందరు సగంలో దిగిపోయి ఉంటారు. కొందరు "ఇది నా పని కాదు" అనుకుని ఉంటారు. అది ఓటమి అని నేననుకోను. ఒక మంచి యువజన కార్యక్రమం విలువ ఎంపికైన ఇద్దరి దగ్గర కాదు, ఎంపిక కాని ఆ వందమందితో ఆ తర్వాత ఎవరు కూర్చుని మాట్లాడారన్న దగ్గర తేలుతుంది. మన పద్ధతుల్లో సాధారణంగా ఎవరూ కూర్చోరు. ఎంపిక జాబితా గోడకు అంటిస్తారు, పేరు లేనివాళ్లు బస్సెక్కుతారు.

అసలు మన కార్యక్రమాలు చెడిపోయే తీరు గురించి చెప్పకపోతే నేను నిజం చెప్పినట్టు కాదు. మొదటి తెగులు ఫొటో. కొత్త చీపుళ్లు కొంటారు, అప్పటికే ఊడ్చిన చోట పదిమంది వరసగా నిలబడి ఊడుస్తున్నట్టు ఫొటో దిగుతారు, మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. చీపుళ్లు స్టోర్‌రూమ్‌లోకి పోతాయి. రెండో తెగులు ముఖ్య అతిథి. ఆయన పదకొండుకు వస్తానంటే పిల్లలు పదినుంచీ ఎండలో నిలబడతారు. ఒంటిగంటకు వచ్చి "యువతే దేశానికి వెన్నెముక" అని చెప్పి వెళ్తాడు. ఆ వెన్నెముకలకు అప్పటికి కళ్లు తిరుగుతుంటాయి. మూడోది సర్టిఫికెట్. ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు సైన్యంలో అవకాశం, ఎన్ఎస్ఎస్ సర్టిఫికెట్‌కు కొన్నిచోట్ల పై చదువుల్లో వెసులుబాటు ఉన్నమాట నిజమే. ఉండటం తప్పనను. కాగితం కోసం వచ్చినవాడు పనికోసం నిలబడిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. కానీ క్యాంప్‌కు రాకుండానే సర్టిఫికెట్ చేతిలో పడ్డప్పుడు పిల్లవాడు ఒక సంగతి తన గురించి తెలుసుకుంటాడు. దొంగలెక్క తనకు సులువుగా వస్తుందని. అంతకంటే ప్రమాదం లేదు.

ఇక ఆడపిల్లల విషయం. పేరు ఇస్తారు, ఏడాదంతా పనిచేస్తారు, క్యాంప్ అనేసరికి "ఇంట్లో పంపరు సార్" అంటారు. నాకు తెలిసిన ప్రోగ్రామ్ ఆఫీసర్లలో బాగా పనిచేసిన మేడమ్ ఒకరు క్యాంప్‌కు ముందు వారం రోజులు పిల్లల ఇళ్లకు తిరిగేవారు. పడుకునే గది ఎక్కడ, తలుపుకు గడియ ఉందా, రాత్రి తోడెవరుంటారు, ఇవన్నీ తల్లులకు చెప్పేవారు. ఉపన్యాసాలు ఏమీ ఇచ్చేవారు కాదు. గడియ సంగతి చెబితే తల్లులు ఒప్పుకునేవారు.

ఇంటర్ పిల్లల సంగతి తలుచుకుంటే బెంగగా ఉంటుంది. ఎరిక్సన్ చెప్పిన గడువు అవసరమయ్యే వయసు సరిగ్గా పదహారు, పదిహేడు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ రెండేళ్లను ఎంతోమంది పిల్లలు స్టడీ అవర్లలోనే గడిపేస్తున్నారు. ఆటస్థలం లేని కాలేజీలు ఎన్నో. అక్కడి పిల్లవాడికి తన గురించి తెలిసేది ఒకటే, వారాంతపు పరీక్షలో తన స్థానం. ఆ ఒక్క అంకె తలకిందులైతే తనే లేనట్టు అనుకుంటాడు. ఫలితాలు వచ్చిన రోజుల్లో మనం పత్రికల్లో చదివి ఉలిక్కిపడే వార్తలకు కారణాలు చాలానే ఉంటాయి. కానీ తనకు ఇంకో పేరు, ఇంకో పని, ఇంకో గుర్తింపు ఉన్నాయని తెలియకపోవడం వాటిలో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. ఎన్ఎస్ఎస్ ఇంటర్ స్థాయిలో కూడా ఉంది. తమ కాలేజీలో యూనిట్ ఉందా అని తల్లిదండ్రులు అడగడం మొదలుపెడితే యాజమాన్యాలు దారికొస్తాయి. ఫీజు కట్టేది వాళ్లే కదా.

కాలేజీ గడప తొక్కని పిల్లల కోసం 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. ఊళ్లల్లో యువజన సంఘాలు ఏర్పడ్డాయి. కొన్ని బాగా నడిచాయి, కొన్ని బోర్డు తప్ప మిగల్లేదు. అయితే ఎవరూ పెట్టకుండానే మన ప్రతి వీధిలో ఒక యువజన కార్యక్రమం నడుస్తోంది. వినాయకచవితి కమిటీ! నవ్వకండి. చందాలు వసూలు చెయ్యాలి, ఇవ్వనివాళ్లతో తగువు పెట్టుకోకుండా రావాలి. కరెంటుకూ, పోలీసు అనుమతికీ తిరగాలి. పందిరి, ప్రసాదం, తొమ్మిది రోజుల కార్యక్రమాలు, నిమజ్జనానికి ట్రాక్టర్. చివర్లో జమాఖర్చులు చెప్పాలి, రూపాయి తేడా వస్తే వీధంతా అడుగుతుంది. డిగ్రీ తప్పి ఇంట్లో మాటలు పడే కుర్రాడు ఆ తొమ్మిది రోజులూ ఎంత నేర్పుగా పనులు చక్కబెడతాడో మీరు గమనించే ఉంటారు. డీజే మోతను మనం తిడతాం, తిట్టాల్సిందే. కానీ ఆ కుర్రాణ్ణి పదోరోజు పిలిచి, "ఇంత లెక్క తేడా రాకుండా ఎలా చూశావురా?" అని అడిగిన పెద్దమనిషి వీధిలో ఎవరు? అడిగితే వాడికి తన గురించి కొత్త సంగతి తెలుస్తుంది. అడక్కపోతే వచ్చే చవితిదాకా మళ్లీ వాడు పనికిరానివాడే.

ఏ కార్యక్రమంలోనైనా సగం పని ఆ అడగడమే. క్యాంప్‌లో రాత్రి సమీక్షను అందుకే నేను ఎప్పుడూ వదులుకోలేదు. ఇంకుడు గుంత ఎన్ని అడుగులు తవ్వారన్నది పావుగంటలో తేలిపోతుంది. ఎవరు ఎవరిమీద ఎందుకు అరిచారు, ఎవరు ఎవరి గమేళా అందుకున్నారు, ఎవరికి ఏ ఇంట్లో ఏం చూస్తే బాధేసింది, ఇదంతా వచ్చేసరికి పదకొండవుతుంది. ప్రోగ్రామ్ ఆఫీసర్ ఆ గంటన్నరా నోరు మూసుకుని కూర్చోవాలి. లెక్చరర్‌కు అంతకంటే కఠినమైన శిక్ష లేదు. ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు ఆ సంగతి ఈపాటికే అర్థమై ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు క్యాంప్ నుంచి తిరిగొచ్చిన రోజు ముందు వాళ్లను పడుకోనివ్వండి. రెండోరోజు కూడా "ఎన్ని మార్కులు కలుస్తాయి" అని అడగొద్దు. మూడోరోజుకు వాళ్లే మొదలుపెడతారు, అక్కడొక మామ్మ ఉందమ్మా అని. చేతిలో పని పక్కనపెట్టి వినండి. మధ్యలో మీ కాలేజీ రోజులు ఎత్తకండి.

డిగ్రీలో కొత్తగా చేరినవాళ్లయితే మొదటి ఏడాది మొదట్లోనే వెళ్లి ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను కలవండి. యూనిట్ నిండిపోతే తర్వాత చోటు దొరకదు. ఎన్‌సీసీకి ఎంపిక ఉంటుంది, పరుగు తీయించి చూస్తారు, ముందునుంచీ కాస్త సాధన ఉంటే మంచిది. ఎందులో చేరాలో తేలకపోతే రెండింటి వాళ్లతోనూ ఒక్కో పూట తిరిగి చూడండి. క్యాంప్‌కు వెళ్లేటప్పుడు ఒక దుప్పటి, కంచం, గ్లాసు, టార్చిలైటు, బురదలో తొక్కినా దిగులుపడని చెప్పులు, ఒక తెల్లకాగితాల పుస్తకం పెట్టుకోండి. ఫోన్ ఛార్జర్ సంగతి నేను చెప్పక్కర్లేదు. అది మీరు ఎలాగూ మర్చిపోరు. అయితే ఆ బళ్లో ప్లగ్గు పాయింట్ ఒకటే ఉంటుంది, యాభైమందీ ఎలా పంచుకుంటారో మీరే చూసుకోవాలి.